ఆ తొమ్మిదిమంది

ఏళ్ళ తరబడి రోగుల మధ్య పని చేసినవాళ్ళ మనసు మెత్తగా ఉంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. లోపల ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, మనుషుల మీద నమ్మకం అందరికంటే ముందు పోయేది మావాళ్ళకే. డ్రెస్సింగ్ రూముల్లో, మందులు పంచే గదుల్లో, మధ్యాహ్నం టీ దగ్గర నడిచే మాటలు వింటే తెలుస్తుంది. ‘వీళ్ళింతే.’ ‘ఎంత చేసినా అంతే.’ ‘పుండు మానితే బిచ్చం ఎవరు వేస్తారు, వాడు మాననివ్వడు.’ ఈ మాటలు అనేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. చేరిన కొత్తలో సొంత జీతంలోంచి రోగులకు బస్సు చార్జీలు ఇచ్చినవాళ్ళే.

నేను 1980ల మధ్యలో ఉత్తరాంధ్రలోని ఒక మిషన్ కుష్ఠు ఆసుపత్రిలో పారామెడికల్ వర్కర్‌గా చేరాను. మా నాన్నగారు పల్లె క్రైస్తవ సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశి. జీతం పేరుకే. పంటల కాలంలో ఎవరు ఏ ధాన్యం తెచ్చిస్తే అదే సంవత్సరమంతా. ఇంటర్ తర్వాత చదివించే స్తోమత లేదు. పాస్టరు అయ్యగారు ఒక ఉత్తరం రాసిచ్చారు, ఆసుపత్రివాళ్ళు తీసుకుని వేలూరు దగ్గర కరిగిరికి శిక్షణకు పంపారు. సేవాభావంతో చేరానని చెప్పుకోను. ఉద్యోగం దొరికింది, చేరాను.

కరిగిరిలో మొదట నేర్పింది నా చిన్నప్పటి భయాన్ని వదిలించడం. కుష్ఠు వచ్చినవాళ్ళ వేళ్ళు వాటంతటవే రాలిపోతాయని మా ఊళ్ళో పెద్దా చిన్నా నమ్మేవారు. అవి రాలిపోవు. సూక్ష్మజీవి నరాలను చంపుతుంది, నొప్పి తెలియకుండా పోతుంది, ఆ తర్వాత జరిగే నష్టమంతా పొయ్యి మీద గిన్నె వల్ల, కాలిలో దిగిన ముల్లు వల్ల, రాత్రి నిద్రలో కొరికే ఎలుక వల్ల జరుగుతుంది. వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి గమనించి, ఆపరేషన్లు చేసి లోకానికి చూపించిన సంగతి ఇది. నొప్పి దేవుడిచ్చిన వరమని అక్కడ పాఠాల్లో చెబితే నవ్వుకున్నాం. వార్డులో ఎలుక కొరికిన వేలిని నిశ్చింతగా చూపించిన మనిషిని చూశాక ఎవరం నవ్వలేదు.

మేము పనిలోకి దిగిన కాలం మంచిది. అంతకుముందు డాప్సోన్ బిళ్ళ ఒక్కటే దిక్కు, ఏళ్ళ తరబడి, కొందరికి జీవితాంతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో దానికి రిఫాంపిసిన్, క్లోఫజిమైన్ కలిపి ఇవ్వమని చెప్పింది. జబ్బు నయమవుతుంది అని రోగి మొహం చూసి ధైర్యంగా చెప్పగలిగిన మొదటి తరం మాది. రిఫాంపిసిన్ నెలకొకసారి మా ఎదురుగానే మింగాలి. దానితో మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పకపోతే మర్నాడు పొద్దున్నే ఇంటిల్లిపాదీ ఏడ్చుకుంటూ వచ్చేవారు. క్లోఫజిమైన్‌తో వేరే తంటా, ఒళ్ళు నల్లబారుతుంది. మందు ఆపాక కొన్ని నెలలకు రంగు తిరిగి వస్తుందని చెప్పినా పెళ్ళి కావలసిన ఆడపిల్లల తల్లులు నమ్మేవారు కాదు. తెల్లమచ్చే నయం, చీర కింద దాచుకోవచ్చు అనేవారు.

నాకు ఇష్టమైన పని బడుల్లో సర్వే. పిల్లల్ని వెలుతురులో నిలబెట్టి, చొక్కాలు విప్పించి, ఒంటి మీద మచ్చలు వెతకాలి. అనుమానం వస్తే దూదిని సన్నగా పురి పెట్టి, ‘కళ్ళు మూసుకో, ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టి చూపించు’ అనాలి. పిల్లలకు అది ఆట. చక్కిలిగిలి పెట్టినట్టు నవ్వుతూ టకటకా చూపించేస్తారు. మచ్చ ఉన్న పిల్లవాడు కూడా నవ్వుతూనే ఉంటాడు. దూది మచ్చ మీదికి వచ్చేసరికి కదలడు. కళ్ళు మూసుకుని, నవ్వు మొహంతో, ఇంకా తగలలేదు కాబోలు అని ఎదురు చూస్తూ ఉంటాడు. అప్పటికి తగలడం అయిపోయి ఉంటుంది. తర్వాత మోచేతి వెనక నరం తడిమి చూస్తాం. ఉబ్బి గట్టిగా తగిలితే రిజిస్టరు తెరవాలి. అక్కడి నుంచి ఆ పిల్లవాడి ఇల్లు కనుక్కోవడం, ఊరివాళ్ళకు తెలియకుండా తల్లితో మాట్లాడటం, సగంలో మందు మానేస్తే సైకిలు వేసుకుని మళ్ళీ వెళ్ళడం.

ఈ పనిలో మనసు చేదెక్కడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. చెప్పుల సంగతే చూడండి. పాదాలకు స్పర్శ లేనివాళ్ళకు మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరుతో మా దగ్గరే చెప్పులు కుట్టి ఉచితంగా ఇచ్చేవాళ్ళం. మేకులు లేకుండా, వెనక పట్టీతో, పాదం కొలత తీసుకుని ఒక్కో జత విడిగా చేయాలి. వాటిని తీసుకెళ్ళి చూరులో దోపేవారు. కొందరు అమ్ముకునేవారు. రెండు నెలల తర్వాత ఉత్త కాళ్ళతో, అరికాలిలో రూపాయి బిళ్ళంత గుంటతో వచ్చి బల్ల మీద కాలు పెట్టేవారు. మేము మళ్ళీ తొట్టిలో నీళ్ళు పోసి నానబెట్టి, గరుకు రాయితో కాయలు అరగదీసి, నూనె రాసి, కట్టు కట్టాలి. ఆ వాసన భోజనం దగ్గర కూడా వదలదు.

పంట పనులు లేని నెలల్లో వార్డు నిండేది. మానుతున్న పుండును ఒక మనిషి దొడ్డివైపు కూర్చుని గులకరాయితో గీరుకుంటూ ఉండగా పట్టుకున్నాం. మా కుర్రవాళ్ళు అతన్ని అప్పుడే బయటికి పంపేయాలన్నారు. మా నర్సింగ్ సూపరింటెండెంట్‌ను అందరం సిస్టరమ్మ అనేవాళ్ళం. ఆవిడ వచ్చి, అతని ఎదురుగా నేల మీద చతికిలబడి, ‘ఇంటి దగ్గర బియ్యం ఉన్నాయా?’ అని అడిగింది. లేవు. పుండు మానాక కూరగాయల తోటలో పని ఇప్పించింది, రెండు పూటలా భోజనంతో. మరుసటి ఏడాది అదే నెలలో అతను మళ్ళీ అదే పుండుతో వచ్చాడు. ఇలాంటి కథల్లో మనిషి మారిపోవాలి. అతను మారలేదు. ఆవిడా మారలేదు, మళ్ళీ బియ్యం సంగతే అడిగింది.

నాకు ఒళ్ళు మండి, ఇంత మోసం చేస్తుంటే మీకు కోపం రాదా అన్నాను. ఆవిడ కట్టు చుట్టడం ఆపకుండా అన్న మాట ఇది: “నువ్వు మనుషుల్ని నమ్ముకుని వచ్చావు నాయనా, అందుకే కోపం వస్తోంది. మనుషులు మంచివాళ్ళని దేవుడు నాకెప్పుడు మాట ఇచ్చాడు?”

చాలా రోజులు ఆ మాట నాకు గిట్టలేదు. ఇది విశ్వాసం ఎలా అవుతుంది, ఎవర్నీ నమ్మవద్దనే కదా టీ దగ్గర మావాళ్ళు అంటున్నదీ అనిపించింది. ఆదివారాలు ఆవిడ వెనక వరసలో కూర్చున్నప్పుడు తేడా కొద్దికొద్దిగా అర్థమైంది. మా ఆసుపత్రి గుడిలో ఆరాధన పాపపు ఒప్పుకోలుతో మొదలయ్యేది. డాక్టరుగారు, వంటమనిషి, స్టోరు చూసేవాడు, గులకరాయి మనిషి, మేము, అందరం ఒకే వాక్యాలు ఒకే గొంతుతో చెప్పాలి. ‘వీళ్ళింతే’ అనడానికి అక్కడ వీలు లేదు, ‘మేమింతే’ అనాలి. అలా అని ఊరుకోవడానికీ వీలు లేదు, ఆ వెంటనే క్షమాపణ ప్రకటిస్తారు. టీ దగ్గర మాటలకు ఆ రెండో సగం ఉండేది కాదు. తర్వాత రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి వెళితే వంకర్లు పోయిన వేళ్ళతో గిన్నె పట్టుకోలేని వాళ్ళకు అయ్యగారు తన చేత్తో రొట్టె నోట్లో పెట్టేవారు. ఒకసారి బయటి నుంచి వచ్చిన ఒక పెద్ద బోధకుడు ప్రసంగం అద్భుతంగా చేసి, బల్ల దగ్గరికి వచ్చేసరికి ఏదో అర్జెంటు పని గుర్తొచ్చి జీపెక్కాడు. వార్డులో దాన్ని వారం రోజులు చెప్పుకుని నవ్వుకున్నారు. నిజానికి రోగులకు మాకంటే హాస్యం ఎక్కువ. జనవరి 30న, గాంధీగారి వర్ధంతిని కుష్ఠు నివారణ దినంగా జరుపుతారు కదా, నాయకులు పళ్ళు, దుప్పట్లు తెచ్చేవారు. ఫోటో సరిగా రాలేదని ఒకే అరటి అత్తాన్ని తీసుకున్నవాళ్ళ చేతుల్లోంచి మళ్ళీ తీసుకుని మళ్ళీ ఇచ్చేవారు. మా వార్డు ముసలమ్మ ఆ రోజుకు అరటిపళ్ళ పండగ అని పేరు పెట్టింది. క్రిస్మస్‌కు బన్నులు తెచ్చే సంఘాలవాళ్ళనూ వదిలేది కాదు.

చెప్పుల గది మేస్త్రి గురించి చెప్పాలి. పాత రోగి. కుర్రతనంలో, డాప్సోన్ కూడా రాకముందు కుష్ఠుకు వేసే చాల్‌మూగ్రా నూనె సూదులు వేయించుకున్న కాలం మనిషి. ఆ సూదుల నొప్పి గురించి చెబుతూ, ఒంట్లో మిగతా అంతా స్పర్శ పోయినా నొప్పి ఎలా ఉంటుందో మరచిపోకుండా దేవుడు ఆ సూదులు పంపాడు అనేవాడు. తెలుగునాట ఆ వైద్యానికి పేరు పడ్డ చోటు నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త 1915లో అక్కడ పని మొదలుపెడితే, పెద్ద విరాళం ఇచ్చి నిలబెట్టింది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. మేస్త్రి డిచ్‌పల్లి ఎప్పుడూ చూడలేదు, అయినా గౌడుగారి సంగతి చెప్పడం అతనికి సరదా. ‘మన క్రైస్తవులు జీపెక్కారు, ఆయన డబ్బిచ్చాడు’ అనేవాడు.

మేస్త్రికి జబ్బు ఎప్పుడో నయమైంది. ఇంటికి వెళ్తే అన్నదమ్ములు వాకిట్లోంచే పంపేశారు. మళ్ళీ వచ్చి చెప్పులు కుట్టడం నేర్చుకుని ఇక్కడే ఉండిపోయాడు. చెప్పులు తొడుక్కోవడం లేదని మేమంతా తిట్టుకుంటుంటే అసలు సంగతి చెప్పింది అతనే. “బాబూ, ఆ పట్టీ, ఆ నల్ల రబ్బరు చూస్తే పది గజాల దూరం నుంచే తెలుస్తుంది, పెద్దరోగం ఆసుపత్రి చెప్పులని. వాటిని వేసుకుని సంతకు వెళ్ళడమంటే మెడలో బోర్డు కట్టుకుని వెళ్ళడమే.” సిస్టరమ్మతో మాట్లాడి, అడుగున అదే మెత్తటి రబ్బరు ఉంచి, పైన బజారులో దొరికే చెప్పుల మోడల్లో తోలు పట్టీలు వేశాడు. ఆడవాళ్ళకు వేరే రకం. చూరుల్లోకి వెళ్ళే జతలు తగ్గాయి. అమ్ముకునేవి మాత్రం కొంచెం పెరిగాయి, చూడటానికి బాగున్నాయి కదా!

నన్ను లోపల బాగా కోసిన విషయం వేరే ఉంది. నయమైనవాళ్ళు మమ్మల్ని పలకరించరు. పార్వతీపురం బస్టాండులో ఒకాయన కనబడ్డాడు. అతని కాలికి నేను ఏడాదికి పైగా కట్లు కట్టాను, అతని కొడుకుకు బడిలో సీటు కోసం హెడ్‌మాస్టరు కాళ్ళావేళ్ళా పడ్డాను. తెల్ల పంచె కట్టుకుని, నలుగురితో నిలబడి, ఎవరికో పెళ్ళి సంబంధం మాటలు మాట్లాడుతున్నాడు. నేను నవ్వాను. నన్ను చూశాడు, మొహం అటు తిప్పుకున్నాడు. నా పక్కన ఉన్న తోటి వర్కర్ ‘చూశావా’ అన్నాడు, అంతే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆ ఆదివారం యాదృచ్ఛికమో ఏమో, పాఠం లూకా సువార్త 17వ అధ్యాయం. పదిమంది కుష్ఠు రోగులు బాగుపడతారు, ఒక్కడే తిరిగి వచ్చి కాళ్ళ మీద పడతాడు, వాడూ యూదులు దూరంగా పెట్టే సమరయుడు. ‘పదిమంది శుద్ధులైరి కారా, ఆ తొమ్మండుగురు ఎక్కడ?’ అని యేసు అడుగుతాడు. కృతజ్ఞత లేని లోకం గురించి అయ్యగారు చక్కగా చెప్పారు. నాకు కడుపు నిండినట్టుంది. సాయంత్రం చెప్పుల గదిలో కూర్చుని, చూశావా తాతా, ప్రభువుకే తప్పలేదు అన్నాను.

మేస్త్రి కత్తి పక్కన పెట్టాడు. “ఆయన వాళ్ళను ఎక్కడికి వెళ్ళమన్నాడు?” అని అడిగాడు.

యాజకుల దగ్గరికి వెళ్ళి మిమ్మల్ని కనుపరచుకోండి అన్నాడు.

“ఎందుకు?”

మోషే ధర్మశాస్త్రంలో అది నియమం. బాగుపడినవాణ్ణి యాజకుడు పరీక్షించి శుద్ధుడని చెబితే తప్ప ఊళ్ళోకి రానివ్వరు. మా భాషలో చెప్పాలంటే, మందుల కోర్సు పూర్తయ్యాక మేము ఇచ్చే సర్టిఫికెట్.

“మరి తొమ్మిదిమంది చెప్పిన పనే చేశారు. చీటీ తెచ్చుకోవడానికి పోయారు. చీటీ తెచ్చుకుని ఇళ్ళకు పోయుంటారు. పెళ్ళాం పిల్లల్ని చూసి ఎన్నాళ్ళయిందో. నేను ఇంటికి పోలేకపోయాను బాబూ. తొమ్మిదిమంది పోయారంటే నాకు సంతోషంగానే ఉంది.”

ప్రభువు అడిగాడు కదా తాతా, ఆ తొమ్మిదిమంది ఎక్కడ అని.

“అడిగాడు. అడగడా మరి, ఆయనకూ చూడాలని ఉంటుంది. అడిగి ఆ జబ్బు మళ్ళీ వాళ్ళకు అంటించాడా?”

నేను వేదాంత కళాశాలలో చదువుకోలేదు. ఆ వచనానికి మేస్త్రి చెప్పిన అర్థం పండితులు ఒప్పుకుంటారో లేదో తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. బస్టాండులో తెల్ల పంచె మనిషి నన్ను పలకరిస్తే పక్కనున్న నలుగురూ ఈయన ఎవరని అడుగుతారు. ఆసుపత్రి పేరు చెప్పగానే సంబంధం చెడుతుంది. అతను మొహం తిప్పుకోగలిగాడంటే ఊళ్ళో మనిషిగా నిలబడ్డాడని. నా ఉద్యోగం అందుకే కదా. ఆ తర్వాత బజార్లలో, జాతరల్లో పాత రోగులు కనిపిస్తే నేనే ముందుగా తల తిప్పుకోవడం అలవాటు చేసుకున్నాను. కొందరు దాటిపోయాక వెనక నుంచి చూస్తారు, అదీ తెలుస్తుంది.

అన్నిటికీ ఇలా సమాధానం దొరకదు. స్టోరులో బియ్యం బస్తాలు తగ్గేవి. అది ఆకలి వల్ల కాదు, వ్యాపారం. దొంగ దొరికాడు, పెద్దల అండతో అదే కుర్చీలో కొనసాగాడు, ప్రతి ఆదివారం మాతోపాటే ఒప్పుకోలు చదివాడు. మిషనరీలు వెళ్ళాక మిగిలిన స్థలాల మీద సంఘ పెద్దలు కోర్టులకెక్కారు. వీటిని మంచి మాటలతో కప్పిపుచ్చే విశ్వాసం నాకు అబ్బలేదు. సిస్టరమ్మకూ లేదు. ఆ స్టోరు మనిషి మీద ఆవిడ స్వయంగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది, ఏమీ కాలేదు, మర్నాడు ఎప్పటిలాగే ఏడు గంటలకు డ్యూటీకి వచ్చింది. ‘మనము మేలుచేయుటయందు విసుకక యుందము’ అని బైబిల్లో పౌలు గలతీయులకు రాసిన మాట ఆవిడ బల్ల అద్దం కింద ఉండేది. విసుగు వస్తుందని తెలిసినవాడే అలా రాస్తాడు.

2005 డిసెంబరు నాటికి దేశంలో కుష్ఠు పదివేల మందికి ఒక్క కేసు కంటే తగ్గింది. ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించామని ప్రకటించారు. సాధించింది చిన్నది కాదు, అందులో మా సైకిళ్ళూ ఉన్నాయి. కానీ జనం దాన్ని జబ్బే పోయిందని విన్నారు. విరాళాలు పలచబడ్డాయి. బడి సర్వేలు ఆగాయి. తోటి వర్కర్లలో ఒకరు బీమా ఏజెంటు అయ్యారు, ఇంకొకరు స్థలాల వ్యాపారంలోకి వెళ్ళారు, ఇద్దరూ నాకంటే బాగానే ఉన్నారు. సిస్టరమ్మ రిటైరై వెళ్ళింది. మేస్త్రి అంతకుముందే పోయాడు. అతని సొంత చెప్పులు ఎప్పుడూ పాతవే.

ఇప్పటికీ దేశంలో ఏటా లక్షకు పైగా కొత్త కేసులు నమోదవుతున్నాయి, ప్రపంచం మొత్తంలో సగానికి మించి మనవే. కుష్ఠు ఉంటే విడాకులు ఇవ్వవచ్చనే నిబంధన 2019 దాకా చట్టాల్లో ఉంది, మా క్రైస్తవుల వివాహాలకు వర్తించే విడాకుల చట్టంలో కూడా. జబ్బు నయమవుతుందని తేలిన ఇన్నేళ్ళకు తీసేశారు. రిటైరయ్యాక నాకు పని తగ్గలేదు. కుష్ఠు రోగుల కాలనీలో పాతవాళ్ళకు వేలిముద్రలు పడవు, వేళ్ళే లేవు. పింఛను కోసం కళ్ళతో గుర్తించే యంత్రం ఉన్న చోటుకు వెంట తీసుకెళ్తుంటాను.

పోయిన ఏడాది మా వీధికి రెండు వీధుల అవతల ఒక ఇంటర్ కుర్రవాడి చేతి మీద మచ్చ కనబడింది. దూది పరీక్ష వాళ్ళ వంటింట్లోనే, తలుపు వేసి చేశాను. తల్లి భయమంతా జబ్బు గురించి కాదు. ‘మీరు మా ఇంటికి మళ్ళీ రాకండి బాబుగారూ, ఏమీ అనుకోకండి, ఎవరైనా చూస్తే అడుగుతారు. నేనే వస్తాను’ అంది. సరేనన్నాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించి, ఇంట్లో మిగతావాళ్ళకు ఇవ్వవలసిన రిఫాంపిసిన్ ఒక్క మోతాదు కూడా ఇప్పించాను. కూరగాయల బండి దగ్గర ఎదురుపడితే ఆవిడ నన్ను ఎరగనట్టే వంకాయలు ఏరుకుంటుంది. నేనూ బేరం ఆడుతూ ఉంటాను.

కుర్రవాడి కోర్సు ఈ నెలతో అయిపోయింది. చివరి ప్యాకెట్ తెచ్చుకున్న రోజు, నయమైనట్టు సర్టిఫికెట్ అడిగి తీసుకోమని, రేపు హాస్టల్లో ఎవరైనా గొడవ చేస్తే పనికొస్తుందని ఆవిడకు చెప్పాను.

“వద్దు బాబుగారూ,” అంది. “ఆ కాగితం ఇంట్లో ఉంటేనే గొడవ.”